రోజా రాయించిన కాగితం

వినోద్ బండి చప్పుడు వినిపించేసరికి ముసలమ్మ ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలను తిరగేస్తూ ఉంది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. కాకుల్ని తోలడానికి పట్టుకున్న వెదురుపుల్లను పక్కన పడేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

వినోద్ ఆమె చెల్లెలు రోజాకు మరిది. నాయుడుపేటలో కరెంటు పని చేస్తాడు. రోజా భర్త మునిశేఖర్ నాలుగేళ్ళ కిందట హైవే మీద ప్రమాదంలో పోయాడు. అప్పటినుంచి అన్న పిల్లలిద్దరినీ కనిపెట్టుకుని ఉంటున్నది ఇతనే. బడి తెరిచే ముందు చెప్పులు కొనిపెట్టాలన్నా, చిన్నదానికి చెవులు కుట్టించాలన్నా పిలవకుండానే వచ్చి నిలబడతాడు. ముసలమ్మకు అతని మీద మంచి అభిప్రాయమే తప్ప మరొకటి లేదు.

"అక్కా, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు నీ కాడ ఉండాయంట గదా. వదిన తెమ్మనింది," అన్నాడు బండికి స్టాండు వేస్తూ.

"ఉండాయి, పెట్టెలో. ఇప్పుడెందుకబ్బా అవి?"

"వకీలు అడిగినాడు. ఆపరేషన్‌కు పోకముందే కాగితం రాయించేస్తా ఉండాది గదా వదిన. నా ఆధార్, మా ఇంట్లోదాని ఆధార్ ఇచ్చేసినాం. పిల్లలవే తక్కువ."

"నీ ఆధార్ ఎందుకు?"

వినోద్ హెల్మెట్‌ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. రోజా అక్కకు ఈ సంగతి చెప్పలేదని అతనికి అప్పుడు తెలిసింది.

"గార్డియన్‌గా నా పేరు రాయిస్తా ఉండాది అక్కా. ఏం కాదులే, డాక్టర్లు ధైర్యంగానే చెప్పినారు. ఒకవేళ ఏదన్నా అయితే పిల్లలకు ఒక మనిషి పేరు ఉండాలంట, అంతే."

ముసలమ్మ లోపలికి పోయింది. రేకుల పెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరులోంచి లహరిదీ దీక్షదీ సర్టిఫికెట్లు తీసింది. రోజా పదో తరగతి మార్కుల జాబితా కూడా అదే కవరులో ఉంది. దాన్ని మళ్ళీ లోపల పెట్టి, కాగితాలు రెండూ తెచ్చి వినోద్ చేతికిచ్చింది. పొద్దున వచ్చిన పీతలు నాలుగు గిన్నెలో ఉంటే అవి కూడా సంచిలో వేసి, "మీ ఇంటికి తీసుకుపో," అంది. అతను ఏదో చెప్పబోయాడు. "ఎండ ముదరతా ఉండాది, పో నాయనా," అని పంపేసింది.

తిరిగొచ్చేసరికి కాకులు ఒక వారగా నెత్తళ్ళు ఖాళీ చేశాయి. ముసలమ్మ వాటిని తోలలేదు. గుడిసె నీడలో కూలబడి సరస్సు వైపు చూస్తూ ఉండిపోయింది.

ముసలమ్మకు ఇప్పుడు నలభై నాలుగేళ్ళు. నాయనమ్మ పేరు పెట్టారు. బడిలో పిల్లలు "ముసలమ్మా, కర్ర ఏదీ?" అని ఏడిపించేవాళ్ళు. ఐదో తరగతి దాటినాక ఆ ఏడిపింపూ లేదు, బడీ లేదు. తనకు పద్నాలుగేళ్ళప్పుడు తల్లి కామెర్లతో పోయింది. అప్పటికి రోజాకు మూడేళ్ళు.

దినం అయిన మర్నాడు మేనమామ సరస్సు అవతలి పళవేర్కాడు నుంచి పడవ వేసుకుని వచ్చాడు, రోజాను తీసుకుపోవడానికి. చెడ్డవాడేం కాదు. ఆడపిల్లలు లేని ఇల్లు, బాగా చూసుకుంటానన్నాడు. నాయన పెంచలయ్య తల వంచుకుని కూర్చున్నాడు. వేటకు పోతే రెండు మూడు రోజులు నీళ్ళ మీదే ఉండే మనిషి, పసిపిల్లను ఎవరి మీద వదిలి పోతాడు? పెద్దవాళ్ళు మాట్లాడుకుంటూ ఉండగానే ముసలమ్మ చెల్లెల్ని చంకన వేసుకుని ఊరి వెనక సరుగుడు తోటలోకి పోయింది. పొద్దు గూకేదాకా రాలేదు. రోజా ఒకసారి ఏడ్చింది, ఒకసారి నిద్రపోయింది, లేచి సరుగుడు కాయలు ఏరుకుని ఆడుకుంది. మేనమామ చివరికి నవ్వి, "ఈ ముసలమ్మ ఇయ్యదు బావా," అని పడవ ఎక్కాడు.

"ఎట్టా సాకతావే?" అన్నాడు నాయన ఆ పూట అన్నం దగ్గర.

"సాకతా," అంది ముసలమ్మ.

అంతే. ఆ ఒక్క మాట మీద పనంతా జరిగింది. కాగితం ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు.

అడిగింది ఒకే ఒక్కసారి. రోజాకు ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి, మోకాళ్ళు బూరెల్లాగా వాచాయి. నాయన సరస్సుకు దక్షిణపు కొసన రొయ్యల వేటలో ఉన్నాడు. ఫోన్లు లేని కాలం, ఊరికి రోడ్డు కూడా పడలేదు. ముసలమ్మ ఎదురింటి పడవ అడిగి, తనే గెడకర్రతో నెట్టుకుంటూ పిల్లను అవతలి ఒడ్డుకు చేర్చింది. సూళ్ళూరుపేటలో డాక్టరు చూసి, నెల్లూరు తీసుకుపొమ్మని చీటీ రాశాడు. రైలు దిగి, పిల్లను వీపున వేసుకుని, అడుగుతూ అడుగుతూ ఆసుపత్రి చేరుకునేసరికి మధ్యాహ్నమైంది.

"పెద్దవాళ్ళెవరూ రాలేదా?" అన్నాడు పుస్తకంలో రాసుకునే ఆయన.

"నేనే పెద్దదాన్ని."

"నువ్వు పిల్లకు ఏమవుతావు?"

"అక్కను."

"నీకెన్నేళ్ళు?"

"పదిహేడు."

"నీ సంతకం చెల్లదమ్మా. మీ నాయన్ని పిలిపించు," అని ఆయన పెన్ను పక్కన పెట్టాడు. కసురుకోలేదు, తరమలేదు.  మూడేళ్ళుగా ఆ పిల్లకు అన్నం పెట్టింది తను, జుట్టు దువ్వింది తను, దానికి రాత్రి భయమేస్తే పిలిచేది తనను. ఆ పుస్తకంలో మాత్రం తను ఎవరూ కాదు.

పక్క బల్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. బుచ్చిరెడ్డిపాలెంలో గాజులమ్ముకునే ఆమె. కొడుకు చెయ్యి విరిగి వార్డులో ఉన్నాడు. ఆమె లేచి వచ్చి, "నేను పెడతా సంతకం. ఈ పిల్లలకు పిన్నమ్మను," అంది. ఆయన పేరు అడిగాడు. "రహీమున్నీసా," అంది ఆమె. ఆయన పిల్ల పేరు రాసి ఉన్న గడిని చూశాడు, ముసలమ్మ నుదుటి బొట్టును చూశాడు, తల వంచుకుని అలాగే రాసుకున్నాడు. నాయన వచ్చేదాకా రెండు రోజులు ఆమె తన కొడుక్కి తెచ్చుకున్న అన్నంలోంచే వీళ్ళిద్దరికీ పెట్టింది. పోయేటప్పుడు రోజా చేతులకు ఎర్రగాజులు వేసి పోయింది. ఆమెను ముసలమ్మ మళ్ళీ చూడలేదు.

అది కీళ్ళ జ్వరమన్నారు. గుండెకు పాకకుండా ఉండాలంటే ఇరవయ్యొక్క రోజులకోసారి ఇంజెక్షన్ వేయించాలన్నారు. ఒక నెలా రెండు నెలలా, ఏళ్ళ తరబడి. ముసలమ్మ పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేది. ఇరవై గీతలు కాగానే మర్నాడు పడవ.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ముసలమ్మకు తన బతుకులో అన్నింటికంటే బాగున్న రోజులు ఆ పడవ రోజులే అనిపిస్తుంది. తెల్లవారకముందే బయల్దేరేవాళ్ళు. నీళ్ళ మీద పొగలాగా మంచు ఉండేది. సంచిముక్కు గూడబాతులు నేలపట్టు ఊరి చెట్ల మీది నుంచి లేచి మేతకొచ్చేవి. వాటిని లెక్కపెట్టమని చెల్లెలికి చెప్పేది, భయం మరిచిపోతుందని. నలభై దాటేసరికి రోజాకు లెక్క తప్పేది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. ఒడ్డు దగ్గరపడేకొద్దీ పిల్ల గొంతు సన్నబడేది. "ఈ పొద్దు సూది వద్దక్కా. రేపు వేయించుకుంటా," అనేది. ఇంజెక్షన్ అయినాక కుంటుకుంటూ బస్టాండు దగ్గర బన్ను తినేది. సగం తిని, మిగతా సగం "ఇది నీకు," అని జేబులో పెట్టుకుని, పడవలో అదీ తనే తినేసేది. తిరుగు ప్రయాణంలో పుస్తకం తీసి గట్టిగా పాఠం చదివేది. ముసలమ్మ గెడ వేస్తూ వినేది. ఆ పాఠాల పుణ్యాన ఆమెకు ఇప్పటికీ అక్బరు తండ్రి పేరు తెలుసు, నత్రజని ఏమిటో తెలుసు.

పదకొండేళ్ళు ఒక్క ఇంజెక్షన్ తప్పలేదు. రోజా ఇంటర్ చదవడానికి హాస్టలుకు పోయాక తప్పడం మొదలైంది. బాగానే ఉన్నాను కదా అంది పిల్ల. బాగానే ఉంది కదా అనుకుంది ముసలమ్మ. తర్వాత తడ ఊరు దాటినాక ఉన్న కంపెనీలో ఉద్యోగం, పెళ్ళి, సూళ్ళూరుపేటలో కాపురం, ఇద్దరు ఆడపిల్లలు. ముప్పై మూడేళ్ళకు, పోయిన వానాకాలంలో మేడమెట్లెక్కుతూ ఊపిరాడక కూలబడింది. గుండె కవాటం ఒకటి మూసుకుపోయిందనీ, తీసేసి కొత్తది వేయాలనీ చెన్నైలో చెప్పారు. తేదీ కూడా ఇచ్చారు. ఇంకా పన్నెండు రోజులున్నాయి.

ముసలమ్మ లేచింది. మిగిలిన నెత్తళ్ళు గంపకెత్తి, ఎదురింటి ఆమెకు అప్పజెప్పి, ముఖం కడుక్కుని సూళ్ళూరుపేటకు షేర్ ఆటో ఎక్కింది.

రోజా మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పిల్లలు బడి నుంచి ఇంకా రాలేదు. అక్కను గుమ్మంలో చూడగానే విషయం తెలిసిపోయింది. వినోద్ ముందే ఫోను చేసి ఉంటాడు.

"మంచినీళ్ళు తాగక్కా," అంది.

"దప్పిగ్గా లేదు." ముసలమ్మ గడప దగ్గరే కూర్చుంది. "నీ మరిదికి చెప్పేదానికి నోరొచ్చింది. నాకు చెప్పేదానికి రాలా?"

"రాలేదక్కా. నాలుగుసార్లు ఫోను తీసి మళ్ళీ పెట్టేసినా."

"నాకు చదువు లేదనా? గుడిసెలో ఉండాననా? చేపల కంపనా?"

"అక్కా!"

"మరేంది? నీ పిల్లలకు నేను కానిదాన్నయిపోయినానా? చెప్పుమే. విని పోతా."

రోజాకు కాస్త గట్టిగా మాట్లాడినా ఆయాసం వస్తోంది. ఊపిరి కూడదీసుకుని, నెమ్మదిగా అంది.

"పద్నాలుగేళ్ళకు మొదలుపెట్టినావు నన్ను సాకేది. నేను పోతే, నలభై నాలుగేళ్ళకు మళ్ళీ పేలు దువ్వేది, అన్నం కలిపేది, ఆసుపత్రుల చుట్టూ తిరిగేది. నీ బతుకంతా ఇంతేనా? నా వల్ల ఒకసారి పోయింది చాలదా? చిన్నపోలయ్య సంగతి నాకు తెలుసక్కా. నేను తడిక వెనకాల ఉండి విన్నా."

ముసలమ్మ ఉలిక్కిపడి చూసింది. ఇరవై నాలుగేళ్ళ కిందటి మాట. చిన్నపోలయ్య పడవలు బాగుచేసే వడ్రంగి. నాయన పడవకు పలక మార్చడానికి వచ్చి వారం రోజులున్నాడు. వెళ్ళిపోయిన నెల రోజులకు వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెకు ముసలమ్మ నచ్చింది. ఒక్క మాటే చెప్పింది, చిన్నపిల్లను తండ్రి దగ్గరే వదిలి రావాలని. ముసలమ్మ కాదంది. అప్పటికి రోజాకు తొమ్మిదేళ్ళు.

"అందరూ నిద్రపోయినాక నువ్వు ఏడుస్తావేమోనని ఎన్ని రోజులు మెలకువగా ఉన్నానో నీకు తెలుసా?" అంది రోజా.

ముసలమ్మ చెల్లెలి ముఖం చూసింది. తర్వాత ఆమెకు నవ్వొచ్చింది.

"వాడా! వాడు అన్నం తినేటప్పుడు చూసినావా నువ్వు? ఆ చప్పుడు పక్క వీధికి వినపడేది. అట్టాంటోడి పక్కన కూర్చుని మూడు పూటలా ఎట్టా తినేది? వద్దని నాయనకు చెప్పాలంటే సిగ్గేసింది. పిల్ల ఉండాది గదా అని నిన్ను అడ్డం పెట్టుకున్నా. నువ్వు నాకు అడ్డం రాలా."

రోజాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి దగ్గు తెరలు కమ్మాయి. ముసలమ్మ లేచి వెళ్ళి వీపు నిమిరింది. తను చెప్పింది పూర్తి నిజం కాదని ఆమెకు తెలుసు. ఆ వారం రోజుల్లో రెండు మధ్యాహ్నాలు ఆమె పని లేకపోయినా ఒడ్డుకు పోయి, అతను బాడిసతో చెక్క చెక్కుతుంటే చూస్తూ నిలబడింది. చేతులు బాగుండేవి. అన్నం చప్పుడు కూడా నిజమే. ఇన్నేళ్ళ తర్వాత ఈ రెంటిలో ఏది పెద్దదో ఆమెకే తెలియదు. చెల్లెలికి చెప్పాల్సింది మాత్రం చెప్పింది.

"నువ్వేందో పోగొట్టినావని నువ్వనుకుంటా ఉండావు రోజా. నేను ఎప్పుడూ అట్టా అనుకోలా. నీతో తిరిగిన పడవ రోజులు లేకపోతే నాకేం ఉండాది చెప్పు, తలుచుకునేదానికి?"

"సరే, అది వదిలెయ్. నీకు జ్వరమొస్తే నీళ్ళిచ్చే మనిషి ఉండాడా ఆ ఇంట్లో? నువ్వు ఒక్కదానివి. పిల్లలిద్దర్నీ నీ మీద వేసి పోతే, రేపు నీకేమన్నా అయితే వాళ్ళను ఎవరు చూస్తారు? వినోదోళ్ళు ఇద్దరుండారు. వాళ్ళ ఇంటి పక్కనే బడి. నేను బాగా ఆలోచించే రాయించినానక్కా."

 రోజా చెప్పింది న్యాయమే. తను ఒక్కతే. మొన్న కార్తీకంలో కాలు బెణికి నాలుగు రోజులు పడుకుంటే ఎదురింటి వాళ్ళు గంజి పోశారు. ఆమె మంచం కోడు పట్టుకుని కూర్చుంది. బయట ఎవరో కూరగాయలు అమ్ముకుంటూ పోయారు. నెల్లూరి ఆసుపత్రిలో తలకు కొంగు కప్పుకున్న ఆ ఆడమనిషి గుర్తొచ్చింది. ఏమీ కాని మనిషి సంతకం చెల్లింది, తనది చెల్లలేదు. సంతకం చెల్లినా ఆ రెండు రోజులూ రోజా పట్టుకుని ఉన్నది మాత్రం తన చెయ్యినే. పిల్లకు ఇద్దరూ కావాల్సి వచ్చారు.

"ఇద్దర్నీ రాయకూడదని చట్టంలో ఉండాదా?" అంది చివరికి. "నాకు కాళ్ళాడినంత కాలం నేను. నాకు చేతగాకపోతే వినోద్. అట్టా రాయకూడదా?"

"నాకు తెలీదక్కా."

"పా, అడుగుదాం."

వకీలు కృపాదానం గారి ఆఫీసు జెరాక్స్ షాపు మీద ఉంది. రోజా మెట్లు ఎక్కే స్థితిలో లేదని తెలిసి ఆయనే దిగి వచ్చి, షాపు వెనక గదిలో కుర్చీలు వేయించాడు. అరవై దాటిన మనిషి. చొక్కా జేబులో నాలుగు పెన్నులు. ముసలమ్మ అడిగింది విని తలూపాడు.

"ఎందుకు రాయకూడదమ్మా? మొదట ఒకరి పేరు, వాళ్ళు లేకపోయినా, చెయ్యలేకపోయినా రెండోవారి పేరు అని రాయచ్చు. అసలు అట్టా రాయడమే మేలు. తండ్రి లేడు గనక, మైనరు పిల్లలకు సంరక్షకులు ఎవరో వీలునామాలో చెప్పే హక్కు తల్లికి ఉంది. ఆమె బతికున్నన్నాళ్ళూ ఆ కాగితంతో పని లేదు. పిల్లలకు పద్దెనిమిది నిండితే అసలే పని లేదు."

"నా సంతకం చెల్లతాదా సార్?" అంది ముసలమ్మ. అడిగినాక తనకే వింతగా అనిపించింది.

"ఎందుకు చెల్లదు? అయితే సాక్షి సంతకాలు మీరూ వినోదూ పెట్టకూడదు. బయటివాళ్ళు ఇద్దరు కావాలి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ రోజా వైపు తిరిగాడు. "నువ్వు ఇంకోటి మరిచిపోయినావమ్మా. ఇది నువ్వు లేకపోతే పనికొచ్చే కాగితం. నువ్వు చల్లగా ఉండి, ఆసుపత్రిలో పడుకునే రోజులు పదిహేను ఉంటాయి. ఆ పదిహేను రోజుల్లో పిల్లకు జ్వరమొస్తే డాక్టరుకు ఎవరు చెప్పాలి? బళ్ళో ఏదన్నా అయితే ఎవరిని పిలవాలి? దానికి వేరే లెటర్ రాసి బడికి ఒకటి, మీ డాక్టరుకు ఒకటి ఇచ్చి పో. పిల్లలకు పడని మందులేవో కూడా రాయి."

"దీక్షకు సల్ఫా మందు పడదు," అన్నారు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి.

"రాసుకోండి మరి. పెద్దపిల్లకు ఎన్నేళ్ళు? పదా? దానికి చెప్పినారా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చెప్పండమ్మా. పదేళ్ళ పిల్లకు అంతా తెలుస్తుంది. పెద్దవాళ్ళు చెప్పకపోతే తనే ఏదో ఒకటి ఊహించుకుంటుంది."

వినోద్‌కు రోజా అక్కడి నుంచే ఫోను చేసింది.  "నేనూ అదే అనుకున్నా వదినా. అక్కను పక్కన పెట్టి నా పేరు రాస్తుంటే నాకూ మనసొప్పలా. రెండో పేరుకు నేను రెడీ," అన్నాడు. అతని గొంతు తేలికపడడం ముసలమ్మకు కూడా వినిపించింది.

శనివారం సంతకాలయ్యాయి. జెరాక్స్ షాపు దావీదూ, పిల్లల బడి టీచరు జయశీలా సాక్షులు. టైపు చేసిన కాగితంలో తన పేరు ఉన్న వరుసను ముసలమ్మ వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "పెంచలయ్య కుమార్తె ముసలమ్మ" అని ఉంది. పైన రోజా పేరు పక్కనా ఆ తండ్రి పేరే. రెండు పేర్లూ ఒక కాగితం మీద ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

లహరికి చెప్పడం ఆ సాయంత్రమే జరిగింది. రోజా మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది. పిల్ల తల్లిని వదిలి ముసలమ్మను అడిగింది.

"పెద్దమ్మా, అమ్మ చచ్చిపోతుందా?"

"చావదనే డాక్టర్లు చెప్పినారు. అట్టా కాకపోతే నేనుండా. నాకు చేతగాకపోతే మీ చిన్నాన్న ఉండాడు. కాగితం మీద రాసినాం, సంతకాలు పెట్టినాం. నువ్వూ చదువుకోవచ్చు."

లహరి నిజంగానే కాగితం అడిగి తీసుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివింది. "ఇందులో దీక్ష స్పెల్లింగ్ కరెక్టుగానే ఉంది," అంది. తర్వాత వెళ్ళి చెల్లెలితో ఆడుకుంది.

చెన్నైకి రోజా వెంట ఎవరు పోవాలనే దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. ముసలమ్మ పక్కబట్టలు కూడా కట్టుకుంది. చెల్లెల్ని ఆసుపత్రికి వేరేవాళ్ళు తీసుకుపోవడం ఆమె ఎరగదు. కానీ రోజా, "నువ్వు పిల్లల కాడ ఉంటే నేను అక్కడ నిమ్మళంగా పడుకుంటా," అంది. ముసలమ్మ మూట విప్పేసింది. వినోదూ అతని భార్యా పోయారు.

ఆపరేషన్ రోజు సెలవు కాదు. పిల్లలకు అన్నం కట్టి బడికి పంపింది. తర్వాత ఇల్లు ఊడ్చింది, ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది. ఫోను పొయ్యి పక్కన పెట్టుకుంది. పన్నెండయింది, రెండయింది. మూడున్నరకు పిల్లలు వచ్చారు. దీక్షను ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పింది.

"పెద్దమ్మా, గట్టిగా లాగతా ఉండావు," అంది దీక్ష.

"లాగలేదమ్మా."

"లాగతా ఉండావు. నొప్పి."

నిజమే. దువ్వెన పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయి ఉంది. అప్పుడు మోగింది ఫోను. లహరి పరుగెత్తుకెళ్ళి తెచ్చి చెవి దగ్గర పెట్టింది. "అయిపోయిందక్కా. బాగా జరిగిందంట. ఇప్పుడే డాక్టరు వచ్చి చెప్పి పోయినాడు," అన్నాడు వినోద్.  ముసలమ్మ "ఊఁ" అంది. మళ్ళీ "ఊఁ" అంది. ఫోను లహరికిచ్చి, మిగిలిన జడ నెమ్మదిగా అల్లింది. రిబ్బను ముడి వేసేటప్పుడు దీక్ష మెడ మీద చుక్కలు రాలాయి. పిల్ల చేత్తో తుడుచుకుని వెనక్కి తిరిగి చూసింది.

పదహారో రోజు రోజా ఇల్లు చేరింది. నడవడానికి మనిషి సాయం కావాలి, బరువు ఎత్తకూడదు, మందులు టైము తప్పకూడదు. ముసలమ్మ చేపల బుట్టను ఇంకో నెల దాకా ముట్టనని చెప్పేసింది. వీలునామా కృపాదానం గారి బీరువాలో ఒకటి, ఇంట్లో బియ్యం డబ్బా పైన అలమారాలో ఒకటి ఉన్నాయి. దాని ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రోజా వచ్చిన మూడోనాడు సాయంత్రం, టీవీ కట్టేసి ఉండగా, దీక్షకు ఏదో చప్పుడు వినిపించింది. ఇల్లంతా వెతికింది. గోడ గడియారం దగ్గర నిలబడి విని, అది కాదంది. వెతుకుతూ వెతుకుతూ తల్లి మంచం దగ్గరికి వచ్చి ఆగింది.

"అమ్మలో నుంచి వస్తా ఉండాది!"

కొత్త కవాటం లోహంతో చేసింది. చుట్టూ చప్పుళ్ళు లేనప్పుడు టిక్కు టిక్కుమని వినిపిస్తుందని డాక్టరు ముందే చెప్పాడంట. రోజా నవ్వి, కుట్లు తగలకుండా పక్కకు తిరిగి, చిన్నదాన్ని వీపు మీద చెవి పెట్టి విననిచ్చింది. తర్వాత లహరి విన్నది, నిమిషానికి ఎన్నోనని లెక్కపెట్టింది.

"నువ్వూ విను పెద్దమ్మా," అన్నారు పిల్లలు.

"నాకెందుకులే."

"విను అక్కా," అంది రోజా.

ముసలమ్మ తడిచేతులు తుడుచుకుంది. మంచం మీద కూర్చుని, వంగి, చెల్లెలి వీపుకు చెవి ఆనించింది. పిల్లలిద్దరూ మాట్లాడకుండా ఆమె ముఖం వైపే చూస్తూ నిలబడ్డారు.

"వినపడతా ఉండాదా?" అంది రోజా.

"ఉష్," అంది ముసలమ్మ, "విననీ."